కొలను గట్టున ఒక అక్కకు చోటు ఇవ్వండి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్, జిల్లా క్రీడాప్రాధికార సంస్థ అధ్యక్షుల వారికి, సంస్థ సభ్యులకు, జిల్లాలోని ఈత శిక్షకులకు, పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులకు

గౌరవనీయులైన మీ అందరికీ నమస్కారములు.

నేను ఈ జిల్లా తరఫున పాఠశాల పోటీల నుంచి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల దాకా, మధ్యలో ఒక ఏడాది తప్పించి, పదేళ్లు ఈదినదాన్ని. 100, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్, అంటే బోర్లా ఉండి రెండు చేతులూ ఒకేసారి ముందుకు చాచి పక్కలకు లాగే ఈత, నా విభాగాలు. ప్రస్తుతం నెల్లూరులోనే ఉద్యోగం చేసుకుంటూ, గడిచిన ఆరేళ్లుగా వారంలో నాలుగు ఉదయాలు ఒక ఈత కొలను గట్టున ఆడపిల్లలతో గడుపుతున్నాను. వారికి నేను కోచ్‌ను కాను. కోచ్ గారు వేరే ఉన్నారు, ఆయన పని ఆయన శ్రద్ధగా చేస్తున్నారు. పిల్లలు నన్ను అక్కా అని పిలుస్తారు. నా హోదా అంతవరకే, దానికి కాగితం మీద ఎక్కడా చోటు లేదు. ఆ అక్కకు కాగితం మీద చోటు కల్పించమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఆడపిల్లలు ఈదే వేళల్లో కొలను గట్టున, వారు జిల్లా జట్టుగా బయలుదేరే ప్రతి ప్రయాణంలో, పోటీ ఈత ఈదిన అనుభవం ఉన్న ఒక స్త్రీ మీ ఉత్తర్వు ప్రకారం, మీ బాధ్యతలో భాగంగా ఉండాలన్నది నా కోరిక.

మన జిల్లాలో ఈతకు వచ్చే ఆడపిల్లలకు కొదవ లేదు. వేసవి శిబిరం మొదలైన వారం రోజులకే, అందులో ఎవరిని పోటీల వైపు మళ్లించవచ్చో గట్టు మీద నిలబడిన మాకు అర్థమైపోతుంది. ముఖం నీళ్లలో పెట్టడానికి జంకని పిల్ల, గోడను తన్నిన తరువాత చేతులు ఆడించకుండా ఒళ్లంతా ఒక గీతలా చాచి జారగలిగిన పిల్ల ఇట్టే కంటపడుతుంది. ఐదు, ఆరు తరగతుల్లో ఇటువంటి అమ్మాయిలు అబ్బాయిలతో సమానంగా, ఒక్కొక్కప్పుడు వారికంటే ముందుగా గోడ తాకుతారు. ఎనిమిదో తరగతి వచ్చేసరికి ఒక్కొక్కరే కనబడకుండా పోతారు. మొదటి ఏడాది నేను నోటుపుస్తకంలో పేర్లు రాసుకున్న తొమ్మిది మందిలో పదో తరగతి దాకా ఈదినవారు ఇద్దరే. మానేసిన ఏడుగురి ఇళ్లకూ నేను వెళ్లాను.

ఒక ఇంట్లో చదువు అన్నారు. మరో ఇంట్లో క్లోరిన్ నీళ్లకు జుట్టు ఊడిపోతోందన్నారు. ఇంకొక ఇంట్లో పిల్ల ఎండకు నల్లబడితే రేపు సంబంధాలు ఎట్లా వస్తాయని వాళ్ల అవ్వ అడిగింది. అందరూ కాఫీ ఇచ్చి, మర్యాదగానే మాట్లాడారు. అయితే సాగనంపడానికి వీధి గుమ్మం దాకా వచ్చినప్పుడు నలుగురు తల్లులు గొంతు తగ్గించి దాదాపు ఒకే మాట చెప్పారు: "పిల్ల పెద్దమనిషైంది గదమ్మా, అక్కడ అందరూ మగవాళ్లే గదా." ఆ నలుగురిలో ఒకరు స్వయంగా ఉపాధ్యాయురాలు. పిల్లను ఇంట్లో కూర్చోబెట్టాలన్న పట్టుదల వారిలో ఎవరిలోనూ నాకు కనిపించలేదు. తడి బట్టలతో నిలబడిన పదమూడేళ్ల కూతురి పక్కన తమ తరఫున నిలబడే మనిషి ఎవరున్నారన్నదే వారి ప్రశ్న. నేనున్నానని చెప్పగలిగాను గాని, రేపూ ఉంటానని, నన్ను అక్కడ ఉండనిస్తారని హామీ ఇవ్వలేకపోయాను. ఇప్పుడు నేను గట్టు మీద నిలబడుతున్నది కోచ్ గారి మంచితనం వల్ల. ఆయన బదిలీ అయిన మరునాడు నన్ను గేటు దగ్గర ఆపితే అడిగే హక్కు నాకు లేదు.

గట్టు మీద ఒక స్త్రీ ఉంటే ఏం మారుతుందో ఒక ఉదయం సంగతి చెబుతాను. కోవూరు వైపు నుంచి మొదటి బస్సు ఎక్కి, పెన్నా వంతెన దాటి వచ్చే అమ్మాయి ఒకరు మా గుంపులో ఉన్నారు. ఏడో తరగతిలో 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో ఆమెను అందుకోగల పిల్లలు కొలనులో ఇద్దరో ముగ్గురో ఉండేవారు. ఎనిమిదిలోకి వచ్చాక ఆమె ఒక్కసారిగా సెకనున్నర వెనకబడిపోయింది. కోచ్ గారు తన పుస్తకంలో "ఏకాగ్రత తగ్గింది" అని రాసుకున్నారు. ఒక రోజు నేను లేన్ల పక్క నుంచి కాకుండా స్టార్టింగ్ దిమ్మల వెనక నుంచి చూశాను. అందరూ దిమ్మ ఎక్కి, వేళ్లు అంచుకు పట్టించి విజిల్ కోసం ఎదురుచూస్తుంటే, ఆమె తువ్వాలును రెండు భుజాల చుట్టూ బిగించి పట్టుకుని దిమ్మ కిందనే నిలబడి ఉంది. విజిల్ మోగాక తువ్వాలు వదిలేసి, దిమ్మ ఎక్కీ ఎక్కకముందే దూకింది. ఆ దూకుడు పొట్ట మీద పడింది. ఆమె తల పైకెత్తేసరికి తక్కిన వారు ఐదు మీటర్ల దగ్గర కట్టిన జెండాల తాడు దాటి పోయారు. పోయిన సెకనున్నర అంతా ఆ తువ్వాలు దగ్గరే పోతోంది.

బట్టలు మార్చుకునే గదిలో అడిగితే ముందు ఏమీ లేదంది, తరువాత ఏడ్చింది. పాత సూట్ బిగుతైపోయింది. కొత్తది కావాలని ఇంట్లో అడిగితే ఎందుకని నాన్న అడుగుతాడు, ఆ కారణం నాన్నకు ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియదు. మోకాళ్ల దాకా వచ్చే సూట్ ఒకటి తెప్పించి ఇచ్చాను. పోటీల్లో అది ఒప్పుకోరేమోనని వాళ్ల అమ్మ సందేహపడితే నిబంధన చదివి వినిపించాను. ప్రపంచ ఈత సమాఖ్య వరల్డ్ ఆక్వాటిక్స్, అంటే 2022 చివరి దాకా ఫినా అనే పేరుతో ఉన్న సంస్థ, 2010 నుంచి అమలు చేస్తున్న నియమాల ప్రకారం కొలను పోటీల్లో మహిళల సూట్ మెడను కప్పకూడదు, భుజాలు దాటకూడదు, మోకాలి కిందికి దిగకూడదు. మోకాలి వరకు రావడానికి ఏ అడ్డూ లేదు. ప్రపంచ స్థాయిలో ఈదే వారిలో ఎందరో వేసుకునేది అదే. ఈ ఒక్క వాక్యం తెలియక మన జిల్లాలో ఎన్ని ఇళ్లలో ఈత ఆగిపోయిందో నేను ఊహించగలను. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి చదువుతోంది, ఇంకా ఈదుతోంది.

ఇందులో కోచ్ గారి తప్పు ఎంతమాత్రం లేదు. ఆయనకు కనబడేది స్టాప్‌వాచ్. ఆ పిల్ల ఆయనకు ఆ మాట చెప్పదు, ఆయన అడగలేరు, అడగకూడదు కూడా. ఆ ఖాళీలోకి వయసులో కొంచెం పెద్దదై, అదే నీళ్లలో అదే ఇబ్బందులు పడి వచ్చిన మనిషి కావాలి. నాకు ఈ సంగతి అనుభవం మీద తెలిసింది.

బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా ఊళ్లో మా నాయన నా నడుముకు బెండు కట్టి చేని బావిలోకి దించినప్పుడు నాకు ఏడేళ్లు. బెండు విప్పిన రోజు నేను బావి గోడ పట్టుకుని ఏడిస్తే, గట్టు మీద కూర్చుని "కాళ్లు ఆడించు, నీళ్లే మోస్తాయి" అన్నాడు. తరువాత నెల్లూరులో చదువు, కొలనులో శిక్షణ, జిల్లా జట్టులో చోటు. తొమ్మిదో తరగతిలో రాష్ట్ర స్థాయి పాఠశాల పోటీలకు వెళ్లాను. నలుగురు ఆడపిల్లలం, పదిమంది దాకా అబ్బాయిలు, వెంట వచ్చిన పెద్దవారు ఇద్దరూ పురుషులే. బస ఒక పాఠశాల తరగతి గదుల్లో. రెండో రోజు తెల్లవారుజామున నాకు బహిష్టు వచ్చింది. నా దగ్గర ఏమీ లేదు, ఊరు కొత్త, చేతిలో ఇరవై రూపాయలు ఉన్నాయి. చెప్పుకోవడానికి అక్కడ ఒక్క స్త్రీ లేదు. తోటి పిల్లలు నాకంటే చిన్నవారు. కడుపునొప్పి అని చెప్పి చాప మీద ముడుచుకుని పడుకున్నాను. ఆ ఉదయం 4×100 మీటర్ల మెడ్లే రిలేలో, అంటే నలుగురు వరుసగా ఒక్కొక్కరు ఒక్కో రకం ఈత ఈదే పోటీలో, బ్రెస్ట్‌స్ట్రోక్ వంతు నాది. నేను లేకపోవడంతో జట్టును ఉపసంహరించారు. నాతోపాటు ముగ్గురు పిల్లలు ఆ ఏడాదికి తమ పోటీని, దానితో వచ్చే ధ్రువపత్రాన్ని పోగొట్టుకున్నారు. తిరుగు రైలులో వెంట వచ్చిన ఒక పెద్దాయన అందరి ముందు నన్ను నిలబెట్టి, పిరికిదానివని, జిల్లా పరువు తీశావని తిట్టారు. నేను తల వంచుకుని విన్నాను. ఇంటికి వచ్చి ఇక ఈదనన్నాను. కారణం మా అమ్మకు కూడా ఐదేళ్ల దాకా చెప్పలేదు.

ఏ సంస్థ మీదా, ఏ వ్యక్తి మీదా ఫిర్యాదుగా ఈ సంగతి రాయడం లేదు. ఆ పెద్దాయనకు నిజం తెలిసి ఉంటే అట్లా మాట్లాడేవారు కారని ఇప్పటికీ అనుకుంటాను. ఆయనకు తెలిసే దారి లేకపోవడమే నా బాధ. ఇరవై రూపాయల సరుకుతో, రెండు నిమిషాల మాటతో తీరవలసిన ఇబ్బంది నలుగురు పిల్లల ఏడాది శ్రమను మింగేసింది.

నన్ను మళ్లీ నీళ్లలోకి దించింది ఒంగోలు నుంచి వచ్చిన ఒక సీనియర్ అక్క. మరుసటి వేసవిలో ఒక శిబిరంలో కలిసింది. ఆమె ప్రకాశం జిల్లా తరఫున బటర్‌ఫ్లై ఈదేది. నేను ఒడ్డున కూర్చుని ఉంటే పక్కన వచ్చి కూర్చుంది. ఎందుకు మానేశావని అడగలేదు. "నాకు ఇంటర్‌లో ఒకసారి ఇట్లా అయింది, తొలి వడపోత పోటీ హీట్‌కు పది నిమిషాల ముందు" అని తన సంగతి తానే చెప్పింది. నేనేమీ చెప్పకుండానే ఆమెకు ఎట్లా తెలిసిందో ఆ రోజు నాకు అంతుపట్టలేదు. ఇప్పుడు గట్టు మీద నిలబడుతున్నాను గనుక తెలుస్తోంది. ఒడ్డున మోకాళ్లు ముడుచుకుని కూర్చునే తీరు ఒకటి ఉంటుంది, దాన్ని ఈదిన ఆడవాళ్లం గుర్తుపడతాం. ఆ అక్క నాకు స్ట్రోక్ ఒక్కటి కూడా నేర్పలేదు. బ్యాగులో ఏమేమి పెట్టుకోవాలో, ఏ రోజుల్లో ఏం వాడితే నీళ్లలోకి దిగవచ్చో, ఎవరికి ఏ మాటల్లో చెప్పాలో నేర్పింది. ఆ తరువాత నేను ఏడేళ్లు ఈదాను.

మన దేశపు ఈత చరిత్రలో పెద్ద పేర్ల వెనక కూడా ఇటువంటి తోడు ఉంది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టయిల్ స్వర్ణం గెలిచిన సచిన్ నాగ్, కలకత్తాలో ఒక చిన్న పిల్ల ఈతను గుర్తించి దగ్గరుండి తీర్చిదిద్దారు. ఆ పిల్ల ఆరతి సాహా. పన్నెండేళ్లు నిండకముందే 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లారు. అక్కడ ఆమె ఈదింది 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్. అది నా విభాగం కూడా కావడం వల్ల ఈ సంగతి చదివిన రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఏడేళ్ల తరువాత, 1959 ఆగస్టులో ఇంగ్లిష్ చానల్ ఈదబోయి విఫలమై, నెల తిరిగేసరికి సెప్టెంబరు 29న మళ్లీ ఈది దాటారు. ఆ పని చేసిన మొదటి ఆసియా మహిళ ఆమే. 1960లో పద్మశ్రీ వచ్చింది. ఒక మేటి ఈతగాడు గట్టు మీదకు వచ్చి నిలబడినందువల్ల ఆ పిల్లకు దారి దొరికింది. మనకు మరింత దగ్గరలో, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈదిన నిషా మిల్లెట్ చెన్నైలో ఈత నేర్చుకుని, బెంగళూరులో ఎదిగి, పోటీలు ముగిశాక అక్కడే పిల్లలకు ఈత నేర్పిస్తున్నారు. 2021లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే 'ఎ' ప్రమాణాన్ని అందుకున్న మొదటి భారతీయ స్విమ్మర్‌గా నిలిచిన సజన్ ప్రకాశ్ పెరిగింది తమిళనాడులోని నైవేలిలో. అది మహానగరం కాదు, లిగ్నైట్ గనుల ఊరు. కాని ఆయన తల్లి స్వయంగా అథ్లెట్. పోటీ అంటే ఏమిటో తెలిసిన స్త్రీ ఇంట్లోనే ఉంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 14 ఏళ్లకే 200 మీటర్ల ఫ్రీస్టయిల్ ఈదిన ధినిధి దేశింగు బెంగళూరు అమ్మాయి. తనకంటే ముందు ఈదిన ఆడవాళ్లు ఉన్న ఊరది. మన పిల్లలకు ఇంట్లో అటువంటి తల్లి ఉండే అవకాశం తక్కువ గనుక గట్టు మీదనైనా ఒకరు ఉండాలని అడుగుతున్నాను.

అక్క అనే మనిషి చేసే పని ఓదార్పుతో ఆగదు. నిరుడు జిల్లా ఎంపికల్లో మా పిల్లల్లో ఒకరు 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అందరికంటే ముందు వచ్చి అనర్హురాలైంది. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో గోడ దగ్గర వెనుదిరిగే టర్న్‌లోనూ, ముగింపులోనూ రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. ఆమె ఎడమ చెయ్యి ముందు తాకింది. టర్న్ దగ్గర కూర్చున్న జడ్జి చెయ్యెత్తడం నేను చూశాను, పిల్ల చూడలేదు. గెలిచానని నవ్వుతూ నీళ్లలోంచి బయటకు వచ్చాక ఫలితాల పట్టీలో తన పేరు ఎదుట అనర్హత చూసింది. అటువంటి ఘడియలో కోచ్ గారు తరువాతి హీట్‌కు పిల్లలను సిద్ధం చేసుకోవాలి, ఆయనకు తీరిక ఉండదు. నేను ఆమెతో మెట్ల మీద కూర్చున్నాను. జడ్జి సరిగానే చూశారని ముందు చెప్పాను. ఆ మాట దాటవేసి "నువ్వే గెలిచావు" అని ఊరడిస్తే పిల్ల జీవితమంతా జడ్జిలను తిట్టుకుంటూ గడుపుతుంది. అలిసిపోయినప్పుడు ఆమె కుడి భుజం కిందికి జారుతుందని, అందుకే చివరి మూడు బారల్లో ఎడమ చెయ్యి ముందుకు పోతోందని చూపించాను. ఆ తరువాత రెండు నెలలు, ప్రతి ఉదయం అందరూ వెళ్లిపోయాక, పది నిమిషాలు ఆ గోడ దగ్గర నిలబడ్డాను. జెండాల దగ్గర నుంచి మెల్లగా వచ్చి రెండు అరచేతులూ గోడకు ఆనించడం, మళ్లీ వెనక్కి వెళ్లడం. ఆ పిల్ల గోడను చూడకుండా చేతుల చప్పుడు విని చెప్పడం నేర్చుకుంది. ఒక్క చప్పుడు వినబడితే సరి, రెండు వినబడితే తప్పు.

శరీరం మారే వయసులో టైమింగ్ నిలిచిపోవడం మరొక సంగతి. పన్నెండు, పధ్నాలుగేళ్ల మధ్య ఆడపిల్ల ఒళ్లు మారుతుంది, నీళ్లలో తేలే తీరు మారుతుంది, అలవాటైన సమతౌల్యం తప్పుతుంది. ఏడాది, రెండేళ్లు సెకను కూడా తగ్గకపోవచ్చు. ఇది అందరికీ వచ్చే దశ అని చెప్పేవారు లేకపోతే పిల్ల తన పని అయిపోయిందనుకుంటుంది, తండ్రి డబ్బు దండగనుకుంటాడు. దీనికి రక్తహీనత తోడైతే చెప్పనక్కరలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండు వందల మీటర్ల ఈతలో చివరి యాభై మీటర్లకు కాళ్లు రాయిలా బరువెక్కిపోతున్నాయని చెప్పిన ఇద్దరు పిల్లలను నేను పరీక్ష చేయించమని పంపితే ఇద్దరికీ హిమోగ్లోబిన్ తక్కువగానే వచ్చింది. అంతకుముందు వారు బద్ధకస్తులన్న మాట పడ్డారు. జుట్టు సంగతి చిన్నదిగా కనిపించవచ్చు గాని, నేను వెళ్లిన ఇళ్లలో అది చిన్న విషయం కాదు. దిగేముందు మంచినీళ్లతో తల తడిపి, కొంచెం కొబ్బరినూనె రాసి టోపీ పెట్టుకోవాలని, తడిసిన వెంట్రుక క్లోరిన్ నీళ్లను తక్కువగా పీల్చుకుంటుందని, బయటికి రాగానే తలస్నానం చేయాలని చెబితే తల్లులు వింటారు. చెప్పేది నా వంటి జడ ఉన్న మనిషి అయితే ఇంకా శ్రద్ధగా వింటారు.

తీరం వైపు పిల్లల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మైపాడు నుంచి ఇస్కపల్లి దాకా మత్స్యకార పల్లెల్లో మగపిల్లలు నడక నేర్చిన నాలుగైదేళ్లకే బకింగ్‌హాం కాలువలో ఈదుతారు. వారి చెల్లెళ్లు గట్టున బట్టలు కాపలా కాస్తారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నేను చిన్నపిల్లను. పక్కనే ఉన్న తమిళనాడు తీరంలో మగవారికంటే ఆడవారు ఎక్కువ మంది చనిపోయారని, దానికి చెప్పిన కారణాల్లో ఆడవారికి ఈత రాకపోవడం కూడా ఒకటని తరువాత చదివాను. ఉప్పు నీటి పక్కన పుట్టి, అలలు చూస్తూ పెరిగి, ఈత రాకుండా పెద్దవుతున్న ఆడపిల్లలు మన జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు. ఆ పల్లెల నుంచి రెండేళ్ల కిందట ముగ్గురు పిల్లలు మా దగ్గరకు వచ్చారు. వారి అన్నలకు కుక్కీత తప్ప శాస్త్రీయమైన స్ట్రోక్ రాదు, ఈ ముగ్గురికీ ఏదీ రాదు. ఇప్పుడు వారిలో ఒకరు తమ పల్లెలో ఇంకా చిన్న పిల్లలను మోకాలి లోతు నీళ్లలో కూర్చోబెట్టి ఊపిరి వదలడం నేర్పుతోంది. నేను చెప్పకుండానే మొదలుపెట్టింది. అక్క నుంచి చెల్లెలికి పని అందడం ఇట్లా ఉంటుంది.

ఇక నేను అడిగే ఏర్పాటు సంగతి. 2022 జూన్‌లో భారత క్రీడాప్రాధికార సంస్థ, మహిళా క్రీడాకారిణులు ఉన్న జట్ల వెంట మహిళా కోచ్ తప్పనిసరిగా వెళ్లాలని జాతీయ క్రీడా సమాఖ్యలను ఆదేశించింది. అదే సూత్రాన్ని జిల్లా జట్లకూ, పాఠశాల జట్లకూ వర్తింపజేయమని కోరుతున్నాను. మహిళా కోచ్ దొరకని చోట, గతంలో జిల్లాకో రాష్ట్రానికో ఆడిన స్త్రీని పంపవచ్చు. నెల్లూరు, కావలి, గూడూరు ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ ఉన్న మాజీ స్విమ్మర్లు నాకు తెలిసినవారే ఉన్నారు. పిలిస్తే వస్తారు. వారానికి రెండు ఉదయాలు ఇవ్వగలమని కొందరు ఇప్పటికే నాతో అన్నారు. వారి పేర్లతో ఒక పట్టిక తయారుచేసి, మీ కార్యాలయం నుంచి గుర్తింపు పత్రం ఇప్పించండి. జీతం అడగడం లేదు. ప్రయాణపు ఖర్చు, జట్టుతో వెళ్లినప్పుడు భోజనం, బస చాలు.

గుర్తింపు ఇచ్చే ముందు మమ్మల్ని కూడా పరీక్షించండి. పిల్లల దగ్గరకు వచ్చే ఎవరినైనా, స్త్రీ అయినా సరే, పోలీసు విచారణ లేకుండా అనుమతించవద్దు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నుంచి అమలులో ఉంది. దానిలో మా బాధ్యత ఏమిటో, ఒక పిల్ల ఏదైనా చెప్పినప్పుడు ఎవరికి తెలియజేయాలో మాకు ఒక పూట తరగతి పెట్టించండి. నీట మునిగిన వారిని బయటకు తీయడం, గుండె మీద ఒత్తిడి, నోటితో శ్వాస ఇవ్వడం నేర్పించి, అది వచ్చినవారినే గట్టు మీదకు పంపండి. మూసిన గదిలో ఏ పెద్దా ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకూడదన్న నియమం మాకూ వర్తించాలి. ఈ నియమాలు మామీద అనుమానమని మాలో ఎవరూ అనుకోరు. తల్లులు గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్నకు ఇవే జవాబు.

కోచ్ పనిలో వేలు పెడతారేమోనని శిక్షకులు కొందరు సందేహిస్తున్నారని నాకు తెలుసు. ఆ సందేహం న్యాయమైనదే, ఇద్దరు రెండు మాటలు చెబితే పిల్ల నలిగిపోతుంది. ఎంత దూరం ఈదాలి, ఏ విభాగంలో దిగాలి, ఎవరిని ఎంపిక చేయాలి అన్నవి పూర్తిగా కోచ్ నిర్ణయాలుగా ఉండాలని ఉత్తర్వులోనే రాయండి. నేను ఆరేళ్లలో ఒక్కసారి ఆ గీత దాటాను. ఒక పిల్లను పోటీ నుంచి తప్పించమని అందరి ముందు అడిగాను. కోచ్ గారు పక్కకు పిలిచి, అడగవలసింది తనను ఒంటరిగా అని చెప్పారు. ఆయన మాట సరైనదే, ఆ తరువాత మేమిద్దరం వారానికోసారి పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటున్నాం. మగపిల్లలకూ ఇటువంటి అన్న అవసరమే. వారికోసం అడిగేవారు వేరే లేఖ రాస్తే దానికింద నేనూ సంతకం చేస్తాను. మానేస్తున్నవారు ఎక్కువగా ఆడపిల్లలు గనుక ముందు వారి సంగతి చూడమంటున్నాను.

కొలనులో ఉదయం ఒక గంట ఆడపిల్లలకు, స్త్రీలకు కేటాయించి, ఆ గంటలో లైఫ్‌గార్డు కూడా స్త్రీయే ఉండేట్టు చూడమని మరో విన్నపం. పోటీ పిల్లలను ఆ గంటకే పరిమితం చేయవద్దు, వారు అందరితో కలిసి ఈదితేనే వేగం పెరుగుతుంది. ఆ గంట వారి తల్లులకోసం. గట్టు మీద కూర్చుని చూసే తల్లి ఒకసారి నడుము లోతు నీళ్లలో దిగితే, కూతురిని మానిపించే ముందు మరొకసారి ఆలోచిస్తుంది. ఇద్దరు తల్లుల విషయంలో నేను ఇది కళ్లారా చూశాను. బట్టలు మార్చుకునే గదికి లోపలి గడియ, వెలిగే దీపం, మూత ఉన్న చెత్తబుట్ట, ఒక అరలో శానిటరీ నాప్‌కిన్లు ఉండాలి. నా తొమ్మిదో తరగతి నాటి ఉదయం ఆ అర ఒక్కటి ఉంటే నేను రిలే ఈదేదాన్ని.

వచ్చే పాఠశాల క్రీడల ఎంపికలకు ముందే ఈ ఉత్తర్వు వెలువడితే, ఈసారి బయలుదేరే జట్టుతోనే ఒకరిని పంపవచ్చు. పేర్ల పట్టిక, ఎవరు ఏ రోజుల్లో రాగలరో రాసిన కాగితం నా దగ్గర సిద్ధంగా ఉంది. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు తెచ్చి ఇస్తాను. తమ సిబ్బందిలో ఎవరినైనా పంపి చూడదలచుకుంటే, సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో ఉదయం ఐదున్నరకు మేము నీళ్లలో ఉంటాం. కోవూరు బస్సు ఐదూ ఇరవైకి వస్తుంది, ఆ పిల్ల దిగి నడిచి వచ్చేదాకా నేను గేటు దగ్గరే నిలబడతాను.

భవదీయురాలు,
ఒక మాజీ స్విమ్మర్,
నెల్లూరు